కృప అర్థమైంది, సోమవారం నుంచి శనివారం దాకా మాత్రం దిగట్లేదు

పలాసలో బుధవారం రాత్రి 7:30కి గృహకూడిక, 45 నిమిషాలు. పన్నెండు మందిలో ఎక్కువమంది జీడిపప్పు పనివాళ్ళే. మూడు వారాలు బైబిల్లో ఎఫెసీ 2:8-9 చెప్పాం: రక్షణ దేవుని కృప వల్లే, మన క్రియల వల్ల కాదు అని. వెంటనే వచ్చిన మాట: "క్రియలతో కాదన్నారుగా, మరి అలిగిన తోటికోడలితో నేనే ముందు మాట్లాడాలా?"

9 దగ్గర ఆపడం మా తప్పే. నాలుగో వారం, మంచి పనులు చేయడానికే దేవుడు మనల్ని సృష్టించాడనే 10వ వచనం కలిపాం. తర్వాత తీతు 2:11-12, అక్కడ కృప "బోధించుచున్నది" అన్న మాట దగ్గరే చాలాసేపు ఆగాం. తలలూపారు, అంతే.

రోజూ ప్రార్థన, ఒక అధ్యాయం అని టిక్కు పెట్టే కాగితం ఇస్తే, రెండు వారాల్లో మార్కుల పట్టికైపోయింది. టిక్కులు పడని ఇద్దరు రావడమే మానేశారు.

కాస్త కదిలించింది మత్తయి 18:23-35: పదివేల తలాంతుల అప్పు మాఫీ అయిన దాసుడు, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుణ్ణి వదలని కథ. దేనారం ఒక రోజు కూలి, తలాంతు సుమారు 6,000 దేనారాలు. పదివేల తలాంతుల కన్నా ఆ నూరు దేనారాల దగ్గరే పట్టుకున్నారు: "వంద రోజుల కూలి! ఎలా వదిలేస్తామండీ?"

ఈ ప్రశ్న చల్లారకముందే, పట్టికగా మారకుండా, వారం మధ్యలో ఇంట్లోనో పనిలోనో చేసి వచ్చే బుధవారం చెప్పుకోగలిగే ఒక్క అభ్యాసం మీ కూడికల్లో ఏది పనిచేసింది?