సమస్యాపూరణం: కన్ను దెఱచి చూడఁ గానరాదు

ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

కన్ను దెఱచి చూడఁ గానరాదు

పాత డిజిటల్ కెమెరాను కొత్త ల్యాప్‌టాప్‌కు తగిలించిన బాధ పద్యంలో కనిపించాలి. నేను పడ్డదే లెండి. "యూఎస్‌బీ" (కెమెరా తీగ తగిలించే పోర్టు) వాడదలిస్తే జాగ్రత్త, మూడూ గురువులే, సూర్యగణంలో (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) ఇమడదు.

వరంగల్ మిత్రులు:

పాత కేమరాను పట్టి నీలపు పోర్టు
లోనఁ జొనిపినంత తంట మొదలు
కటకమింత చాఁచి కాచుకున్నది గాని
కన్ను దెఱచి చూడఁ గానరాదు

సమీక్ష: రెండో పాదంలో యతి తప్పింది. "లో"కి "తం" ఎలా కుదురుతుంది? "లొల్లి మొదలు" అనండి, మీ ఊరి మాటే. కెమెరాను "కేమరా" అని సాగదీశారు, సరే. మూడో పాదం మాత్రం కళ్లకు కట్టింది. లెన్సు జుయ్‌మని బయటికొస్తుంది, తెర మీదేమో "గుర్తు తెలియని పరికరం"!

వరంగల్: చిత్తం. లొల్లే ఖాయం.

డాలస్ మిత్రులు:

చార్జి తీగ తెచ్చి జతఁజేసె మావాడు
కూడు మోయుఁ గాని కూత లేదు
బొమ్మఁ బంపు తంత్రి పుట్టుకలో లేదు
కన్ను దెఱచి చూడఁ గానరాదు

సమీక్ష: కూడు, కూత అదిరాయి. చార్జింగుకే చేసిన తీగలో కరెంటు పోగులే ఉంటాయి, డేటా పోగులుండవు. వరుసగా రెండు పాదాలు "లేదు"తో ఆగడం చెవికి అడ్డు. అన్వయం మాత్రం సాఫీ.

తెనాలి మిత్రులు:

నల్లకంటిలోన నడిచెఁ జక్కఁగ బండి
హబ్బు నడుమ నుంచ నబ్బెఁ బొమ్మ
పాత దాని రూపు పట్టదాయెను నీలి
కన్ను దెఱచి చూడఁ గానరాదు

సమీక్ష: "నీలి"ని పై పాదం చివర పెట్టి సమస్యనే నీలికన్ను చేశారు. భేష్! హ–అ యతి చెల్లుతుంది, కొత్తవాళ్ల కోసం చెబుతున్నా. అయితే నేరమంతా నీలిపోర్టుకే అంటగట్టకండి. 2008 నాటి యూఎస్‌బీ 3.0 (ఈ నీలిపోర్టు)లోనూ పాత 2.0 (నల్లపోర్టు) నాలుగు పిన్నులూ ఉన్నాయి, మరో అయిదు చేరాయంతే. పాత కెమెరా మాట్లాడేది ఆ పాతవాటితోనే. పేచీ తరచూ వెనకున్న కంట్రోలర్ (పోర్టును నడిపే చిప్పు)తోనో దాని డ్రైవర్ (సాఫ్ట్‌వేర్)తోనో వస్తుంది. నడుమ 2.0 హబ్బు (ఒక పోర్టును పలు పోర్టులు చేసే పెట్టె) పెడితే చాలాసార్లు దారికొస్తుంది.

తెనాలి: హబ్బు మా అబ్బాయిదండీ. వాడు ఊరెళితే?

సమీక్ష: కెమెరాలోని మెమరీ కార్డు ఊడదీసి కార్డు రీడర్లో పెట్టండి. దానికి పద్యం కూడా అక్కర్లేదు.