లైవ్‌లో మొదట విని, తర్వాత ఆల్బమ్‌కి వెళ్లినవాళ్లు ఉన్నారా? నాకు ఇండియన్ ఓషన్‌తో అలా జరిగింది

కృష్ణలంక_కుర్రాడు

పోయిన చలికాలం ఒక కాలేజీ ఫెస్ట్‌లో ఇండియన్ ఓషన్ ప్రోగ్రాం చూశాను. ఫ్రెండ్ దగ్గర ఒక పాస్ మిగిలితే వెళ్లాను. ఢిల్లీ బ్యాండ్ అని తెలుసు గానీ వాళ్ల పాట ఒక్కటి కూడా పూర్తిగా విన్నది లేదు. రాక్ కదా, చెవులు హోరెత్తిపోతాయేమో అని వెనకాల నిలబడ్డాను. రెండో పాటకల్లా జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చేశాను.

నన్ను పట్టేసింది 'కందీసా'. మెల్లగా మొదలై, గొంతు మీద గొంతు చేరుతూ పెరిగిపోయింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా చివరికొచ్చేసరికి చుట్టూ ఉన్నవాళ్లందరితో పాటు నేనూ పాడుతున్నాను. కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన అనీ, భాష అరమాయిక్ అనీ తర్వాత తెలిసింది.

రూముకి రాగానే 2000లో వచ్చిన ఆల్బమ్ పెట్టుకున్నాను. దాని పేరు కూడా 'కందీసా'నే. పాట అదే, కానీ అందులో ఒక గొంతు నేను స్టేజీ మీద విన్నది కాదు. ఎవరా అని వెతికితే అసీమ్ చక్రవర్తి అని తెలిసింది. 2009 డిసెంబర్ 25న చనిపోయారట. ఆయన పోయిన ఇన్నేళ్లకి నాకు పరిచయమయ్యారు. ఆ రాత్రి అదే పాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

మీకెవరికైనా ఇలా జరిగిందా? వీళ్లవి ఇంకేం వినాలో కూడా చెప్పండి.

వాల్తేరు_రేడియో

తమ్ముడూ, నేను ఆయన్ని చూశాను. అప్పట్లో ఢిల్లీలో చదువుకుంటున్నాను, 2003 అనుకుంటా. మిగతావాళ్లంతా నిలబడి వాయిస్తుంటే అసీమ్ గారు మాత్రం మన కచేరీల్లోలాగా మఠం వేసుకుని కూర్చున్నారు. ముందు తబలా, మూతి దగ్గర మైకు. రెండు చేతులూ ఒక నడకలో పోతుంటే గొంతు ఇంకో నడకలో, ఏ తొందరా లేకుండా సాగేది. నేను చిన్నప్పుడు మూడేళ్లు మృదంగం నేర్చుకున్నాను కాబట్టి చెప్తున్నా, వాయిస్తూ అలా నింపాదిగా పాడటం మామూలు విషయం కాదు. ఆ రోజు నేను గిటార్ వైపు సరిగ్గా చూడనేలేదు, చూపంతా ఆ వేళ్ల మీదే.

మర్నాడే క్యాసెట్ కొన్నాను. హాస్టల్లో అది అరిగిపోయింది.

నువ్వు తర్వాత వినాల్సింది 'డెసర్ట్ రెయిన్'. 1997 జనవరి 1న ఢిల్లీలో, వీధినాటకాలు వేసిన సఫ్దర్ హష్మీ స్మృతిలో జరిగిన కచేరీని రికార్డు చేసి ఆల్బమ్‌గా వేశారు. అంటే లైవే ఆల్బమ్ అయింది. నీలాంటివాళ్లకి సరిగ్గా సరిపోతుంది. అసీమ్ గారి కోసమైతే '16/330 ఖజూర్ రోడ్' వదలొద్దు. ఆయనతో చేసిన చివరి రికార్డింగులు అందులోనే ఉన్నాయి. కరోల్ బాగ్‌లో వాళ్లు ప్రాక్టీస్ చేసుకున్న ఇంటి అడ్రసే ఆ పేరు. 2010లో మొదలుపెట్టి నెలకో పాట చొప్పున నెట్‌లో ఉచితంగా ఇచ్చారు. నెలనెలా దానికోసం ఎదురుచూసిన రోజులు ఇప్పటికీ గుర్తున్నాయి.

మియాపూర్_సాయంత్రం

నా అనుభవం పూర్తిగా వేరండీ. నేను వెళ్లిన షోలో సౌండ్ ఘోరం. స్పీకర్ల పక్కనే నిలబడ్డానేమో, డ్రమ్స్, బేస్ తప్ప ఇంకేం వినపడలేదు. టికెట్ డబ్బులు దండగ అనిపించింది. నిర్వాహకుల్ని అడిగితే సమాధానమే లేదు. కానీ 'మా రేవా' పాడినప్పుడు నా ముందున్న ఒక పెద్దాయన కళ్లు తుడుచుకుంటున్నారు. ఆయనకి అందింది ఏమిటో నాకెందుకు అందలేదా అని ఇంటికెళ్లి హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. అప్పుడు తెలిసింది, ఆ పాటలో ఎంత ఉందో. రేవా అంటే నర్మద. బేస్ వాయించే రాహుల్ రామ్ గారు నర్మదా బచావో ఆందోళనలో కొన్నేళ్లు పనిచేశారు, ఆ నది ఒడ్డు పాటే అది. నా వరకైతే ఆ షోలో పోయిందంతా ఆల్బమే తిరిగి ఇచ్చింది.

ఓరుగల్లు_శ్రోత

లైవ్‌లో చూడకపోతే నాకు ఒక సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. అమిత్ కిలమ్ అని, డ్రమ్స్ వాయిస్తారు. మధ్యలో డ్రమ్స్ దగ్గర్నుంచి లేచి ఒక చిన్న వాయిద్యం చంకలో పెట్టుకున్నారు. డోలు ముక్కలాంటిది, దాని తోలు మధ్యలోంచి ఒక తీగ. ఒక చేత్తో తీగని లాగి పట్టుకుని రెండో చేత్తో మీటుతుంటే గుబ్ గుబ్ అని, మాట్లాడుతున్నట్టే శబ్దం. లాగితే పైకి, వదిలితే కిందికి. గబ్‌గుబీ అంటారట, బెంగాల్ బావుల్ గాయకులది.

నాకు ఒళ్లు జలదరించింది. అది మన జమిడికే! మా ఊళ్లో ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవాళ్ల చేతిలో చిన్నప్పటి నుంచి చూస్తున్నది. ఉత్తరాంధ్రలో జముకుల కథ వాళ్లది కూడా ఇలాంటిదే. మా తాత పక్కన కూర్చుని రాత్రంతా విన్న శబ్దం ఎలక్ట్రిక్ గిటార్ పక్కన వినపడితే ఎలా ఉంటుందో చెప్పలేను. ఇప్పుడు వాళ్ల ఆల్బమ్ ఏది పెట్టినా ముందు ఆ శబ్దం ఎక్కడుందా అని వెతుకుతాను.

వాల్తేరు_రేడియో

@ఓరుగల్లు_శ్రోత మా శ్రీకాకుళం వైపు జముకు అనే అంటాం. ఇన్నేళ్లు వింటున్నా నాకు ఈ ఆలోచనే రాలేదు. ఇవాళ మళ్లీ వినాలి.

హంసనాదం_98

నాది వేరే బ్యాండ్, చెప్పొచ్చా? బెంగళూరులో 'అగం' వాళ్ల షోకి ఆఫీసువాళ్లు తీసుకెళ్లారు. నేను పదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, ఫ్యూజన్ అంటే కొంచెం భయం. డ్రమ్స్, గిటార్ల మధ్యలోంచి 'బంటురీతి కొలు' అని వినపడింది. త్యాగరాజస్వామి కృతి, హంసనాదం రాగం. పాడేది హరీష్ శివరామకృష్ణన్, కేరళ ఆయన. ఆల్బమ్‌లో దానికి 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' అని పేరు పెట్టారు, 2012లో వచ్చిన 'ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్'లో ఉంది.

ఆ కృతిలో త్యాగరాజు రాముణ్ణి అడిగేది బంటు ఉద్యోగం. గగుర్పాటే కవచం, రామభక్తుడన్నదే ముద్రబిళ్ళ, రామనామమే కత్తి అంటాడు. క్లాసులో కూర్చుని పాడినప్పుడు ఎప్పుడూ నాకు బంటు కనపడలేదు. డ్రమ్స్‌తో విన్నప్పుడు కనపడ్డాడు. ఆల్బమ్ విన్నాక మళ్లీ తంబురా పెట్టుకుని పాడాను, నా పాటలో కూడా ఏదో మారింది.

కృష్ణలంక_కుర్రాడు

అందరికీ థాంక్స్ అండీ. 'డెసర్ట్ రెయిన్' రెండు రోజులుగా వింటూనే ఉన్నాను. వాల్తేరు అన్నా, నువ్వు చెప్పిన ఆ నింపాది ఇప్పుడు చెవికి అందుతోంది.

నిన్న హంసనాదం గారు చెప్పిన పాట స్పీకర్లో పెట్టాను. సగంలో అమ్మ వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చేసింది. "ఇది బంటురీతి కదరా!" అని అక్కడే గుమ్మంలో నిలబడి గిటార్‌తో పాటు పాడింది. అమ్మ పాడగా విని పదేళ్లవుతోంది. ఈసారి అగం వాళ్లు హైదరాబాద్ వస్తే ఎవరైనా ఇక్కడ చెప్పండి, నాకు రెండు టికెట్లు కావాలి.