ఎం.ఏ. రాజనీతి శాస్త్రం: ప్రాజెక్టుకు ప్రశ్న ఎలా ఎంచుకోవాలి? సిద్ధాంత గ్రంథాలు ఎలా చదవాలి?

బొబ్బిలి విద్యార్థిని:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర ఒక పల్లె. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలోనే చదువుకుని, ఇప్పుడు ఉత్తరాంధ్రలోని ఒక విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను.

గత నెల సెమినార్‌లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1919లో ఇచ్చిన ఉపన్యాసంలోని రాజ్యం నిర్వచనం నా వంతుకు వచ్చింది. ఒక నిర్ణీత భూభాగంలో న్యాయసమ్మతంగా బలం ప్రయోగించే హక్కు తనకొక్కదానికే ఉందని చాటుకుని, దాన్ని నెగ్గించుకోగలిగినదే రాజ్యం అని ఒప్పజెప్పాను. అంతా విన్న మా మేడమ్ "మరి మీ ఊళ్లో ఆ రాజ్యం నీకు ఎక్కడ కనబడింది?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. నిర్వచనం కంఠస్థం వచ్చింది గాని దానితో ఏం చేయాలో నాకు తెలియదని ఆ రోజే అర్థమైంది.

ప్రాజెక్టు కోసం "కేంద్ర రాష్ట్ర సంబంధాలు: ఒక పరిశీలన" అని రాసి ఇచ్చాను. ఇది పాఠ్యపుస్తకం పేరులా ఉంది, ఇందులో ప్రశ్న ఏదని తిప్పి ఇచ్చేశారు. మా అమ్మమ్మగారిది సాలూరు కావడంతో, ఆంధ్రా, ఒడిశా రెండూ తమవేననే కొఠియా కొండ గ్రామాల తగాదా గురించి చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. అటువంటిది ఎం.ఏ. స్థాయి చదువుకు పనికివస్తుందా? ఇంగ్లీషు గ్రంథాలు రోజుకు నాలుగు పేజీలు దాటడం లేదు, ఎలా చదవాలి? నెట్ (అధ్యాపక ఉద్యోగాలకు, పరిశోధనకు జాతీయ స్థాయి అర్హత పరీక్ష) రాసి పీహెచ్‌డీ వైపు వెళ్లాలన్న ఆలోచన నాబోటి వారికి తగినదేనా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

విశ్రాంత అధ్యాపకుడు, విజయనగరం:

అమ్మా, మీ మేడమ్ గారు అడిగినటువంటి ప్రశ్న నన్ను నా విద్యార్థి దశలో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నాకు పదేళ్లు కలిసివచ్చేవి. కొఠియా పనికివస్తుందా అని సందేహించవద్దు. ఆమె ప్రశ్నకు అంతకు మించిన జవాబు మన ప్రాంతంలో దొరకదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడింది. సాలూరుకు, ఒడిశా వైపు పొట్టంగికి మధ్య కొండల మీద ఉన్న ఈ 21 కొఠియా గ్రామాలు ఎటువైపువో అప్పుడు తేలలేదు. ఇటువైపు మద్రాసు పోయి 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినా తేలలేదు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టులో దావా వేసింది, యథాతథ స్థితి పాటించమని కోర్టు చెప్పింది. 2006లో దావా ముగిసిందే గాని ఊళ్లు ఎవరివో నిర్ణయం కాలేదు. 2021 ఫిబ్రవరిలో మన రాష్ట్రం అక్కడి మూడు పంచాయతీలకు ఎన్నికలు పెట్టబోతే, ఒడిశా ప్రభుత్వం సుప్రీంకోర్టులో ధిక్కరణ పిటిషన్ వేసింది. ఈలోగా అక్కడి గిరిజన కుటుంబాల చేతికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు వచ్చాయి.

ఇప్పుడు వెబర్ నిర్వచనాన్ని ఈ కొండ మీద పెట్టి చూడండి. ఒకే భూభాగం మీద ఇద్దరు హక్కు చాటుకుంటున్నారు కాబట్టి నిర్వచనం ఇక్కడ చెల్లలేదని మొదట అనిపిస్తుంది. ఆ తొందరపాటుకు మూలం ఒక మాటలో ఉంది. ఇంగ్లీషులో స్టేట్ అన్న ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. మనకు రాజ్యం వేరు, రాష్ట్రం వేరు. రాజ్యాంగం 1వ అధికరణ భారతదేశాన్ని యూనియన్‌గా చెప్పేటప్పుడు వాడిన స్టేట్ అంటే రాష్ట్రం. ప్రాథమిక హక్కుల కోసం 12వ అధికరణలో నిర్వచించిన స్టేట్‌లో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, పార్లమెంటు, శాసనసభలు, స్థానిక సంస్థలు అన్నీ వస్తాయి కాబట్టి దాన్ని రాజ్యం అంటాము. వెబర్ మాట్లాడినది రాజ్యం గురించి. కొఠియాలో రాజ్యం ఒక్కటే, అది భారత రాజ్యం. పోటీ పడుతున్నవి దాని లోపలి రెండు రాష్ట్రాలు. రాష్ట్రాల మధ్య వివాదాలను నేరుగా వినే అధికారం 131వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు ఉంది, సరిహద్దులు మార్చే అధికారం 3వ అధికరణ కింద పార్లమెంటుకు ఉంది. కాబట్టి అక్కడ సార్వభౌమాధికారానికి వచ్చిన లోటు ఏమీ లేదు. తేలనిది పరిపాలన పరిధి. ఇంగ్లీషులో చదివేవాడు ఈ రెండింటినీ కలిపేసుకునే ప్రమాదం ఉంది. తెలుగులో చదివిన మీకు మాటే దారి చూపిస్తోంది. తెలుగు మాధ్యమం మీకు అడ్డమని ఇకపై అనుకోకండి.

అయితే తెలుగు కూడా మరో చోట ఇలాగే పప్పులో కాలు వేయిస్తుంది. పవర్ అన్నా అధికారమే, అథారిటీ అన్నా అధికారమే. ఊళ్లో వడ్డీవ్యాపారి మాట చెల్లడం మొదటిది, తహసీల్దారు సంతకం చెల్లడం రెండోది. ఈ రెండింటినీ ఒకే మాటతో రాస్తే వెబర్ వాదం మొత్తం కుప్పకూలుతుంది. నేను నా విద్యార్థుల చేత పొడుగు నోటుబుక్కులో మూడు గడులు గీయించేవాడిని. మొదటి గడిలో గ్రంథంలోని మాట తెలుగు లిపిలో, రెండో గడిలో తెలుగు అకాడమి పుస్తకంలో దానికి ఇచ్చిన మాట, మూడో గడిలో మీ ఊళ్లో ఆ మాటకు సరిపోయే ఒక సంఘటన. మూడో గడి ఖాళీగా ఉన్నంత కాలం ఆ పేజీ చదివినట్టు కాదు. రోజుకు నాలుగు పేజీలు చాలు, మూడో గడి నిండుతూ ఉంటే.

పెద్ద సిద్ధాంతానికి పెద్ద రంగస్థలం కావాలన్న భయం కూడా వదలండి. అమెరికా రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ డాల్ 1961 నాటి తన ప్రసిద్ధ గ్రంథంలో, ప్రజాస్వామ్యంలో నిజంగా పరిపాలించేది ఎవరన్న ప్రశ్నను అక్కడి న్యూహేవెన్ అనే ఒక్క పట్టణం పట్టుకుని అడిగాడు. మరో అమెరికా పండితుడు జేమ్స్ స్కాట్ మలేసియాలో డెబ్బై కుటుంబాల ఒక వరి పల్లెలో ఉండి, పేదవాడు ఎదురు తిరగకుండానే ఎలా ఎదిరిస్తాడో 1985లో రాశాడు. ఆ పల్లె సాలూరు మండలంలోని చాలా ఊళ్ల కంటే పెద్దది కాదు.

పరిశోధక విద్యార్థి, శ్రీకాకుళం:

మాస్టారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, ఆచరణకు సంబంధించి ఒక హెచ్చరిక చేయాలనుకుంటున్నాను. ఒక సెమిస్టర్‌లో 21 గ్రామాలు తిరగడం జరిగే పని కాదు. ఒక్క సంఘటన తీసుకోండి: 2021 పంచాయతీ ఎన్నికలు. రెండు ప్రభుత్వాలు కోర్టుకు ఏం చెప్పుకున్నాయి, ఏ ఆధారాలు చూపాయి అన్నంత వరకు రాసినా మంచి ప్రాజెక్టు అవుతుంది. కాగితాల కోసం వెతికేటప్పుడు జిల్లా పేరు గుర్తుంచుకోవాలి. దావా వేసిన 1968లో సాలూరు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 1979 జూన్ 1 నుంచి విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఇది తెలియక నేను వేరే అంశం మీద ఒక పాత ఉత్తర్వు కోసం రెండు నెలలు ఒకే జిల్లా కేంద్రం చుట్టూ తిరిగాను.

కొండ ఎక్కి మనుషులతో మాట్లాడదలిస్తే, రెండు చోట్ల ఓటు ఉందా అని మాత్రం అడగకండి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒక వ్యక్తి పేరు ఒకటి కంటే ఎక్కువ నియోజకవర్గాల జాబితాల్లో ఉండకూడదు. మీ నోటుబుక్కులో పేరుతో సహా ఆ జవాబు ఉంటే, రేపు వారికి కష్టం తెచ్చేది మీరే అవుతారు. పేర్లు, ఊరి గుర్తులు రాయకుండా ఉండటం పరిశోధనలో మొదటి మర్యాద.

ప్రశ్న వేసే తీరు గురించి నాకు ఎదురైన ఒక అనుభవం చెబుతాను. సోంపేట వైపు ఒక ఊళ్లో, రచ్చ అరుగు మీద కూర్చుని జీడిపిక్కలు గోనెసంచిలోకి ఎత్తుతున్న ఒక పెద్దాయనను, నా ప్రశ్నావళిలో ఉన్నది ఉన్నట్టుగా "మీకు ప్రభుత్వం మీద నమ్మకం ఉందా?" అని అడిగాను. ఆయన చేతిలో సంచి కిందపెట్టి "ఏ గవర్మెంటు బావూ? సచివాలయమా, ఎమ్మార్వో ఆఫీసా, పోలీసులా?" అని నన్నే తిరిగి అడిగారు. ప్రభుత్వం అనేది పుస్తకంలో ఒకటే ముద్దగా ఉంటుంది, ఆయనకు అది మూడు గుమ్మాలు. ఆ రాత్రి నా ప్రశ్నావళి మొత్తం మార్చి రాశాను. మీరు కూడా "మీది ఆంధ్రానా, ఒడిశానా" అని అడగడం కంటే, పిల్లవాడిని ఏ బడిలో వేశారు, కుల ధ్రువీకరణ పత్రం ఎక్కడ తీసుకున్నారు, జ్వరం వస్తే ఏ ఆస్పత్రికి దిగారు అని అడగండి. కువి అనే గిరిజన భాష, ఒడియా, తెలుగు కలిసి వినిపించే చోటు కాబట్టి, ఆ ఊళ్లకు తెలిసిన మనిషిని వెంట తీసుకువెళ్లడం అవసరం.

జూనియర్ లెక్చరర్, ఆమదాలవలస:

నెట్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. రెండు పేపర్లు కలిపి మూడు గంటలు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. పీజీలో 55 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 50 శాతం ఉండాలి. రాజనీతి శాస్త్రం ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీ భాషల్లోనే వస్తుంది, కాబట్టి మాస్టారు చెప్పిన మూడు గడుల్లో మొదటిదాన్ని నిర్లక్ష్యం చేయవద్దు. 2024 జూన్ నుంచి నెట్ మార్కులతో కూడా పీహెచ్‌డీ ప్రవేశాలు జరుగుతున్నాయి. జేఆర్‌ఎఫ్ (నెట్‌లో పైస్థాయి మార్కులకు ఇచ్చే పరిశోధన ఫెలోషిప్) రాకపోయినా అర్హత వస్తే, ఆ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం లెక్కిస్తారు. ఆ మార్కులు ఏడాది వరకే చెల్లుతాయి. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు.

ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేరవద్దని మా చెల్లెలికి చెప్పిన మాటే మీకూ చెబుతున్నాను. చదువు మీద ప్రేమ ఉన్నవాళ్లే మధ్యలో ఇంటి ఖర్చులకు తట్టుకోలేక ఆపేయడం నా కళ్లతో చూశాను. ముందు ప్రాజెక్టు బాగా రాయండి. దాని కోసం చదివిన ప్రతి పేజీ నెట్‌లో సబ్జెక్టు మీద ఉండే రెండో పేపర్‌కు ఉపయోగపడుతుంది.

బొబ్బిలి విద్యార్థిని:

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. నిన్న అమ్మమ్మ ఇంటికి వెళ్లి, ఏమీ అడగకుండా రెండు గంటలు ఊరికే విన్నాను. కొండ మీది నుంచి సంతకు దిగిన ఒక ఆవిడ సాలూరు ఆస్పత్రి దగ్గరని ఇక్కడికి వస్తుందట, పిల్లాడి హాస్టల్ మాత్రం అటువైపేనట. నోటుబుక్కులో పరిపాలన పరిధి అన్న మాటకు ఎదురుగా మూడో గడిలో ఆ రెండు వాక్యాలే రాసుకున్నాను, ఆవిడ పేరు లేకుండా.

ప్రాజెక్టు ప్రశ్నను ఇలా మార్చి ఈ ఉదయం ఇచ్చాను: "2021 పంచాయతీ ఎన్నికల సందర్భంలో కొఠియా గ్రామాలపై తమ అధికారాన్ని రుజువు చేసుకునేందుకు రెండు రాష్ట్ర ప్రభుత్వాలు వేటిని ఆధారాలుగా చూపాయి?" మేడమ్ చదివి, ఇది ప్రశ్నే అన్నారు.

విశ్రాంత అధ్యాపకుడు, విజయనగరం:

చాలా సంతోషం తల్లీ. ఒక్క మాట సరిచూసుకోండి. మీ ప్రశ్నలో ఉన్న అధికారం పవరా, అథారిటీయా?

బొబ్బిలి విద్యార్థిని:

అథారిటీ, మాస్టారూ. "పరిపాలనాధికారాన్ని" అని దిద్ది మళ్లీ ఇస్తాను.