పిల్లలు పడుకున్నాక రెండు గ్లాసుల వైన్: ఇది అలవాటా, వ్యసనమా?

ప్రశ్న (ఇద్దరు పిల్లల తల్లి):
పగలంతా ఆఫీసు, ఇంటికి వచ్చాక వంట, హోంవర్కు, మర్నాటి బట్టలు. ఇవన్నీ ముగిసి పిల్లలు పడుకునేసరికి రాత్రి పది దాటుతుంది. ఏడాది క్రితం వరకు వారాంతంలో మాత్రమే ఒక గ్లాసు వైన్ తాగేదాన్ని. ఇప్పుడది ప్రతి రాత్రీ రెండు గ్లాసులయింది. తూలిన రోజు లేదు, ఆఫీసుకు ఆలస్యమైన రోజూ లేదు. అయితే గత వారం పెద్దవాడు మంచినీళ్ల కోసం లేచి వస్తున్న అలికిడి విని, గ్లాసులోది గబుక్కున కాఫీ కప్పులోకి ఒంపేశాను. ఎందుకు దాచానో నాకే అర్థం కావడం లేదు. పైగా తెల్లవారుజామున మూడింటికి గుండె దడతో మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదు. దీన్ని వ్యసనం అనాలా?

సమాధానం (వ్యసన చికిత్సలో పనిచేసే వైద్యురాలు):
ముందుగా తెల్లవారుజామున మూడింటికి వచ్చే ఆ మెలకువ గురించి చెబుతాను. మద్యం మెదడును మందగింపజేసి త్వరగా నిద్ర పట్టిస్తుంది కానీ, శరీరం దాన్ని ఖర్చు చేస్తున్నకొద్దీ మెదడు ఎదురు తిరిగి ఉత్తేజితమవుతుంది కాబట్టి రాత్రి రెండో భాగంలో నిద్ర చెదిరిపోతుంది. అంటే మర్నాటి చిరాకులో కొంత ఆఫీసుది కాదు, ముందు రాత్రి గ్లాసుది. దాన్ని పోగొట్టుకోవడానికే మళ్లీ సాయంత్రం గ్లాసు అందుకుంటారు.

గ్లాసులు లెక్కపెట్టకండి, కొలవండి. 12 శాతం మద్యం ఉన్న 750 మిల్లీలీటర్ల వైన్ సీసాలో సుమారు 71 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. స్త్రీల శరీరంలో నీటి శాతం సాధారణంగా తక్కువ కనుక, అంతే బరువున్న పురుషుడు అంతే తాగినా స్త్రీ రక్తంలో దాని గాఢత ఎక్కువగా ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా తాగే మోతాదుతో పాటు పెరుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ఆడిట్’ అనే, తాగే అలవాటు ఎంత ముదిరిందో అంచనా వేసే 10 ప్రశ్నల పత్రాన్ని నిజాయితీగా పూరించండి. మొత్తం 40 మార్కులకు 8 లేదా అంతకు మించి వస్తే వైద్యుల్ని కలవాలి. పొద్దున చేతులు వణకడం, చెమటలు పట్టడం వంటివి ఉంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా మానవద్దు, మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది. నిద్రమాత్రలతో కలిపి అసలే తాగకూడదు.

సమాధానం (మానేసి మూడేళ్లయిన తల్లి):
నాకు కావలసింది వైన్ కాదని ఆలస్యంగా తెలిసింది. ఆ గ్లాసు చేతిలో ఉన్నంతసేపూ ఇంట్లో ఎవరూ నన్నేమీ అడిగేవారు కాదు, నాకు కావలసింది అదే. అదే గ్లాసులో సోడా పోసుకుని కూర్చోవడం కొంత పనిచేసింది. అసలు మార్పు, వారంలో నాలుగు రాత్రులు పిల్లల్ని నిద్రపుచ్చే బాధ్యత మావారు తీసుకున్నాక వచ్చింది. మొదటి పది రోజులు నిద్ర మరీ పాడయింది, మధ్యలో ఒకసారి జారిపోయి మళ్లీ తాగాను కూడా. నా అనుభవంలో, కప్పులోకి ఒంపిన ఆ క్షణమే మీ ప్రశ్నకు సగం సమాధానం.

సమాధానం (మరొక పాఠకురాలు):
తండ్రి రోజూ తాగితే అలసట అంటారు, తల్లి తాగితే సిగ్గుచేటు అంటారు. ఆ భయమే మనచేత దాచిపెట్టిస్తుంది, వైద్యుల దగ్గర కూడా నోరు విప్పనివ్వదు. కనుక దాచారన్న ఒక్క కారణంతో మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న అదే గ్లాసులో నీళ్లు పోసి కొలిచాను. నా ‘రెండు గ్లాసులు’ 480 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 45 గ్రాముల ఆల్కహాలు. ఆడిట్‌లో 11 వచ్చింది. వణుకు, చెమటలు లేవు. గురువారం వైద్యుల దగ్గరకు వెళ్తున్నాను. మావారికి కాఫీ కప్పు సంగతితో సహా అంతా చెప్పాను. రాత్రి పిల్లల్ని ఆయనే పడుకోబెట్టారు, పదకొండింటి దాకా ముగ్గురి కబుర్లూ వినిపిస్తూనే ఉన్నాయి.