జెరోనిమో తన కథను సృష్టి నుంచి ఎందుకు మొదలుపెట్టాడు?

పుస్తకప్రియ (ప్రశ్న):
అమెరికా ఆదివాసుల్లో అపాచీ తెగకు చెందిన యోధుడు జెరోనిమో ఆత్మకథను, 1906లో అచ్చయినదాన్ని, ఈ మధ్యే పూర్తిచేశాను. యుద్ధాలూ, కొండల్లో తప్పించుకు తిరగడాలూ ఉంటాయనుకొని తెరిస్తే, మొదటి అధ్యాయమంతా లోకం చీకట్లో ఉన్న కాలం గురించే ఉంది. వెలుగు కావాలన్న పక్షులకూ వద్దన్న మృగాలకూ యుద్ధం జరుగుతుంది. గద్ద ముందుండి నడిపించగా పక్షులు గెలుస్తాయి. ఆ తరువాత వానకు పుట్టిన ఒక పిల్లవాడు మనుషులను మింగే మహాసర్పాన్ని చంపుతాడు. తన పుట్టుక సంగతి ఇదంతా అయ్యాక గానీ చెప్పడు. ఆ కథనాన్ని రాసుకున్నది ఎస్. ఎం. బారెట్ అనే తెల్ల విద్యాధికారి కనుక, పుస్తకం వింతగా కనిపించాలని ఆయనే దీన్ని ముందు తగిలించాడేమోనని నా అనుమానం. తెలిసినవారు చెప్పగలరు.

మట్టిదారి:
పుస్తకప్రియ గారూ, ఆ కథనం ఎలా సాగిందో చూస్తే మీ అనుమానం నిలవదు. అప్పటికి జెరోనిమో ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్‌లో యుద్ధఖైదీ. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ అనుమతి ఇచ్చాకనే ఈ పని మొదలైంది. జెరోనిమో అపాచీ భాషలో చెబుతుంటే ఆసా డాక్లుగీ ఇంగ్లీషులోకి మార్చేవాడు. చెప్పేటప్పుడు మధ్యలో ప్రశ్నలు వేయనిచ్చేవాడు కాదు. ఏ రోజు ఏది చెప్పాలో తానే నిర్ణయించుకొని వచ్చి, అంతవరకు చెప్పి వెళ్ళిపోయేవాడు. అలాంటి మనిషి నోట రాని అధ్యాయాన్ని ముందు పెట్టడం అంత తేలిక కాదు.

ఇంకో ఆధారం కథలోనే ఉంది. ఆ సర్పానికి పొరలు పొరలుగా పొలుసులుంటాయి. పిల్లవాడి మొదటి మూడు బాణాలకు ఒక్కొక్క పొరే ఊడిపోగా నాలుగో బాణం గుండెలో దిగుతుంది. జెరోనిమో వర్గమైన చిరికావా అపాచీలు, వారి బంధువర్గమైన మెస్కలేరో అపాచీలు చెప్పుకునే కథలో సర్పానికి బదులు రాకాసి ఉంటాడు, వాడి ఒంటిమీద చెకుముకిరాతి కవచాలు నాలుగు. అక్కడ ఆ పిల్లవాడి పేరు నీటిబిడ్డ, తల్లి శ్వేతవర్ణ స్త్రీ అనే దేవత. అంటే ఆయన తనవాళ్ళ కథనే చెప్పాడు.

గోదావరిగట్టు:
మట్టిదారి గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, మధ్యవర్తుల చెయ్యి అసలు పడలేదనలేము. పుస్తకంలో ఆ పిల్లవాడి పేరు ‘అపాచీ’ అని ఉంది. అది ఆ తెగకు బయటివాళ్ళు పెట్టిన పేరు. తెగవాళ్ళు తమను ‘న్దే’, అంటే మనుషులు, అని చెప్పుకుంటారు. ‘జెరోనిమో’ కూడా అలా వచ్చిందే. అసలు పేరు గోయాథ్లే, ఆవులించేవాడని అర్థం.

అయితే మనం పురాణమని పక్కన పెట్టేది వారికి జరిగిపోయిన కథ కాదు. పిల్ల పెద్దమనిషి అయినప్పుడు జరిపే నాలుగు రోజుల వేడుకలో ఆమెనే శ్వేతవర్ణ స్త్రీగా చూస్తారు. ముఖానికి పసుపుపచ్చని పుప్పొడి పూస్తారు. నీళ్ళను పెదవులకు తగలకుండా రెల్లుగొట్టంతో తాగుతుంది. తూర్పున పెట్టిన బుట్ట చుట్టూ నాలుగుసార్లు పరుగెత్తి వస్తుంది, ప్రతిసారీ ఆ బుట్టను గుడారానికి కొంచెం దగ్గరగా జరుపుతారు. న్యూమెక్సికోలోని మెస్కలేరోలో జూలై మొదట్లో ఇది నేటికీ జరుగుతోంది. ఇలాంటి వేడుకలున్నచోట పెరిగిన మనిషి తన జీవితాన్ని సృష్టి దగ్గర మొదలుపెట్టడం నాకు వింతగా అనిపించదు.

కొండవాగు:
చిన్న చేర్పు. అరిజోనాలోని సిబెక్యూ అపాచీలు ఒక రకం కథను ఊరి చుట్టుపక్కల ఉన్న ఏదో ఒక చోటు పేరుతోనే మొదలుపెట్టి, ఆ పేరుతోనే ముగిస్తారు. మన స్థలపురాణం క్షేత్రమహిమ చెబితే, ఇవి అక్కడ తప్పుచేసిన మనిషి గతి చెబుతాయి. బయట బడిలో చదివి వచ్చిన ఒక అమ్మాయి, ఆడవాళ్ళు జుట్టు విరబోసుకొని రావలసిన వేడుకకు ప్లాస్టిక్ కర్లర్లు చుట్టుకొని వచ్చిందట. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. రెండు వారాల తరువాత నలుగురూ కూర్చున్నప్పుడు అమ్మమ్మ, తెల్లవాడిలా ప్రవర్తించి నవ్వులపాలైన ఒక అపాచీ పోలీసు కథ చెప్పింది. అమ్మాయి మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయింది, కర్లర్లు పారేసింది. రెండేళ్ళ తరువాత ఆ పోలీసు కథ జరిగిన చోటు పక్కగా వెళుతున్నప్పుడు, అది రోజూ తనను వెంటాడుతూనే ఉంటుందని చెప్పింది. పేరెత్తి తిట్టకుండానే పని జరిగింది.

పుస్తకప్రియ:
అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక, మెక్సికో సైనికులు తల్లినీ భార్యనూ ముగ్గురు పిల్లలనూ చంపిన తరువాత ఆయన ఇంటికి తిరిగివచ్చే ఘట్టాన్ని మళ్ళీ తీశాను. చనిపోయినవారి వస్తువులు ఉంచుకోని తమ ఆచారం ప్రకారం భార్య చేసిన అలంకారాలనూ, పిల్లల ఆటబొమ్మలనూ, చివరికి తమ గుడారాన్నీ తగలబెట్టానని చెబుతాడు. మొదటిసారి చదివినప్పుడు దాన్ని కోపమనుకొని దాటేశాను.