కాలేజీ ఫెస్టుల్లో మా బ్యాండ్‌కి ఛాన్స్ ఎలా వస్తుంది?

అందరికీ నమస్తే. మేం నలుగురం, సైనిక్‌పురిలో మా డ్రమ్మర్ వాళ్ల మేడ మీద గదిలో ప్రాక్టీస్ చేస్తుంటాం, తెలుగులో సొంత పాటలు ఆరు ఉన్నాయి, మిగతావి కవర్లు, అంటే వేరేవాళ్ల పాటలు. ఇప్పటిదాకా కెఫేల్లోనే వాయించాం.

ఈసారి కాలేజీల్లో వాయించాలని ఉంది. బిట్స్ హైదరాబాద్ వాళ్ల పర్ల్, కందిలోని ఐఐటీ హైదరాబాద్ వాళ్ల ఎలాన్ లాంటి పెద్ద ఫెస్టుల్లో మెయిన్ షో మాకు ఇవ్వరని తెలుసు, కనీసం ముందు ఓ ఇరవై నిమిషాలు దొరికినా చాలు. అసలు ఎవరిని అడగాలి? కల్చరల్ సెక్రటరీనా, స్టూడెంట్ అఫైర్స్ సార్‌నా, లేక ఈవెంట్ మేనేజర్ల ద్వారానే వెళ్లాలా? ఎన్ని నెలల ముందు?

పోయినేడాది ఒక కాలేజీ వాళ్లు పిలిచి, మూడు గంటలు కూర్చోబెట్టి, చివరికి డీజే ఉన్నాడుగా అన్నారు. స్టేజీ మీద డ్రమ్స్‌కి రెండే మైకులు, మేం వాయించేది మాకు వినపడటానికి మానిటర్ స్పీకర్ లేదు. డబ్బులా, పెట్రోల్ ఖర్చు కూడా మాదే!

అందుకే అడ్వాన్స్, సౌండ్ సంగతి ముందే రాయించుకోవచ్చా, లేక కొత్తవాళ్లం అలా అడిగితే పొగరనుకుంటారా? వాయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి బాస్.