నియాసినమైడ్, విటమిన్ సి ఒకే క్రీములో ఇమడుతాయా?

ప్రశ్న:
నమస్కారం. నా వాడకానికి 100 గ్రాముల క్రీమును, దానికి ముందు రాసుకునే పలుచని ఎసెన్సును ఇంట్లోనే తయారు చేసుకోవాలనుకుంటున్నాను. క్రీములో నియాసినమైడ్ (విటమిన్ బి3 రూపం) 5 శాతం, ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం (అసలు విటమిన్ సి) 10 శాతం వేయాలని నా ఆలోచన. ఎసెన్సులో తేమను పట్టి ఉంచే సోడియం హైయాలురోనేట్, గ్లిజరిన్ ఉంటాయి. నీటి భాగాన్నీ నూనె భాగాన్నీ విడివిడిగా 70 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి, నీటినీ నూనెనూ విడిపోకుండా కలిపి ఉంచే ఎమల్సిఫయింగ్ వ్యాక్స్‌తో కలిపే పద్ధతి నాకు అలవాటే. అయితే విటమిన్ సి పొడిని నీటిలో కరిగించి ఉంచితే, మొదట ఏ రంగూ లేని ద్రావణం కొన్నాళ్ళకు పసుపుపచ్చగా, ఆపైన గోధుమరంగుకు మారిపోతోంది. క్రీములో వేసినా ఇదే జరుగుతుందా? ప్రిజర్వేటివ్ (సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే పదార్థం) బదులు విటమిన్ ఇ నూనె కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సరిపోతుందా?

మొదటి జవాబు:
అసలు చిక్కు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లం) దగ్గర ఉందండి. ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం చర్మంలోకి బాగా చొచ్చుకుపోవాలంటే పీహెచ్ 3.5 కంటే తక్కువ ఉండాలి. నియాసినమైడ్‌కు 5 నుంచి 7 వరకు అనుకూలం. బాగా ఆమ్లంగా ఉన్న క్రీములో ఎక్కువకాలం నిలవ ఉంటే నియాసినమైడ్ కొద్దికొద్దిగా నికోటినిక్ ఆమ్లంగా మారుతుంది, అది ముఖాన్ని ఎర్రబరిచి వేడెక్కిస్తుంది. ఒకదానికి నప్పే పీహెచ్ రెండోదానికి నప్పదు కనుక ఈ రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టవద్దనే నా సలహా.

రంగు మారడానికి కారణం ఆక్సీకరణం. గాలి, వెలుతురు, వేడి, నీటిలో లేశమాత్రంగా ఉండే ఇనుము, రాగి అన్నీ దాన్ని తొందరపెడతాయి, కాబట్టి క్రీములో వేసినా అది తప్పదు. డిస్టిల్డ్ నీరు, ఆ లోహాలను పట్టి ఉంచే డైసోడియం ఈడీటీఏ 0.1 శాతం కొంత ఆలస్యం చేయగలవే గాని ఆపలేవు. 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ ఉన్న ద్రావణానికి 0.5 శాతం ఫెరూలిక్ ఆమ్లం (మొక్కల్లో ఉండే యాంటీఆక్సిడెంట్) చేరిస్తే నిలకడ పెరుగుతుందని 2005లో వెలువడిన పరిశోధన చూపింది. కానీ ఫెరూలిక్ ఆమ్లం నీటిలో సరిగా కరగదు గనుక, దానికి తగిన ద్రావణి కూడా ఉండాలి. మీ క్రీముకు విటమిన్ సి నుంచే తయారైన, దానికంటే నిలకడైన సోడియం ఆస్కార్బైల్ ఫాస్ఫేట్ మేలు. ఆస్కార్బిక్ ఆమ్లానికి ఉన్నంత పరిశోధనా బలం దానికి లేకపోయినా, పీహెచ్ 6.5 దగ్గర అది నియాసినమైడ్‌తో కుదురుగా ఉంటుంది.

రెండవ జవాబు:
ప్రిజర్వేటివ్ విషయంలో రాజీ పడవద్దని గట్టిగా చెబుతున్నాను. విటమిన్ ఇ నూనెలు కనరెక్కకుండా కాపాడుతుంది, సూక్ష్మజీవులను మాత్రం అడ్డుకోలేదు. ఫ్రిజ్ వాటి పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది తప్ప చంపదు. పైగా రంగు, వాసన మారకుండానే క్రీము పాడైపోయి ఉండవచ్చు. నీరున్న ప్రతి తయారీకీ, అంటే మీ ఎసెన్సుకు కూడా, ప్రిజర్వేటివ్ కావలసిందే. సోడియం బెంజోయేట్ అనే ప్రిజర్వేటివ్ పీహెచ్ 5 దాటితే బలహీనపడుతుంది కనుక పైన చెప్పిన 6.5కు అది పనికిరాదు. ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ కలిసిన ప్రిజర్వేటివ్ మిశ్రమం ఆ పీహెచ్‌లోనూ పనిచేస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో ఫినాక్సీఇథనాల్‌కు గరిష్ఠ పరిమితి 1 శాతం. వేలు ముంచే డబ్బా కంటే పంపు సీసా మంచిది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. సోడియం ఆస్కార్బైల్ ఫాస్ఫేట్‌నే వాడతాను. క్రీము చిక్కబడడానికి నా దగ్గర కార్బోమర్ ఉంది, దాన్ని వేయవచ్చా? పాళ్ళు ఎలా ఉండాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు:
కార్బోమర్ వద్దండి. సోడియం ఆస్కార్బైల్ ఫాస్ఫేట్ ఒక లవణం, లవణాలు తగిలితే కార్బోమర్ జెల్ పలుచబడిపోతుంది. జాంథన్ గమ్ తట్టుకుంటుంది. నూనెలు 15, ఎమల్సిఫయింగ్ వ్యాక్స్ 6, గ్లిజరిన్ 4, నియాసినమైడ్ 4, సోడియం ఆస్కార్బైల్ ఫాస్ఫేట్ 3, ప్రిజర్వేటివ్ మిశ్రమం 1, జాంథన్ గమ్ 0.3, డైసోడియం ఈడీటీఏ 0.1, డిస్టిల్డ్ నీరు 66.6 గ్రాములు తీసుకుంటే సరిగ్గా 100 అవుతుంది. చెంచాలతో కొలవకుండా, 0.01 గ్రాము చూపే త్రాసుతోనే తూయండి. నీటిలోనుంచి 15 గ్రాములు ముందే పక్కన పెట్టి సోడియం ఆస్కార్బైల్ ఫాస్ఫేట్‌ను అందులో కరిగించండి. ఆ ద్రావణం క్షారంగా ఉంటుంది గనుక పలుచని లాక్టిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా వేసి 6.5కు దించి, ఆ తర్వాతే నియాసినమైడ్ కలపండి. క్రీము 40 డిగ్రీల కిందికి చల్లారాక ఈ ద్రావణాన్నీ ప్రిజర్వేటివ్‌నూ చేర్చండి. చివరగా ఒక పాలు క్రీమును తొమ్మిది పాళ్ళ డిస్టిల్డ్ నీటిలో కలిపి పీహెచ్ మరోసారి చూడండి.

రెండవ జవాబు ఇచ్చినవారు:
ఎసెన్సు గురించి ఒక్క మాట. సోడియం హైయాలురోనేట్ పొడిని నేరుగా నీటిలో చల్లితే పైన తడిసి లోపల పొడిగా ఉండే పారదర్శకమైన గడ్డలు కడతాయి, ఎంత తిప్పినా విడవవు. ముందు గ్లిజరిన్‌తో మెత్తగా కలిపి, ఆపైన నీరు పోసి, రాత్రంతా మూతపెట్టి ఉంచితే తేటగా కరుగుతుంది, 0.5 శాతం చాలు. ఏది తయారైనా ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి, దురద గాని ఎరుపు గాని రాలేదని కొన్ని రోజులు గమనించాకే ముఖానికి వాడండి.